రక్తం తక్కువైతే ఐరన్ ఒక్కటే కారణం కాదు: బి12, ఫోలేట్ లోపాల వల్ల వచ్చే రక్తహీనతను పట్టుకుని సరిచేసుకునే దారి

మా అమ్మ మేడ మెట్లు దిగి వచ్చేసరికి ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది మూడో మెట్టు మీదే ఉండిపోయింది. "జారిపోతే తెలీలేదా?" అంటే, "ఈమధ్య అరికాళ్లు మొద్దుబారినట్టు ఉంటున్నాయిలే, వయసు కదా" అని తేల్చేసింది. అప్పటికి ఎనిమిది నెలలుగా ఐరన్ మాత్రలు వేసుకుంటోంది. రక్తం తక్కువగా ఉందన్నారు, మాత్రలు రాసిచ్చారు, అక్కడితో అయిపోయింది. మలబద్ధకం వచ్చింది గానీ హిమోగ్లోబిన్ 9 దాటలేదు. ఆ రాత్రి పాత రిపోర్టులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మొట్టమొదటి రిపోర్టులోనే, హిమోగ్లోబిన్‌కు నాలుగు వరసల కింద, ఎర్ర రక్తకణాల సైజు చెప్పే ఎంసీవీ అన్నచోట 112 అని లావు అక్షరాల్లో అచ్చయి ఉంది. ఐరన్ లోపమైతే ఆ అంకె తగ్గాలి. ఇక్కడ పెరిగింది. ఎనిమిది నెలలుగా ఆ కాగితం మా ఇంట్లోనే ఉంది.

నేను డాక్టర్ని కాను. మందు ఏది, మోతాదు ఎంత అన్నది మీ డాక్టరే చెప్పాలి. కానీ రిపోర్టులో ఏ గడి చూడాలో, ఏ ప్రశ్న అడగాలో, ఏ మాత్ర ముందు వేసుకోకూడదో తెలిసి వెళ్తే ఆ పది నిమిషాల సంప్రదింపు వేరుగా ఉంటుంది. ఇక్కడ రాసినవన్నీ అమ్మ వైద్యం నడిచిన రోజుల్లో ఒక్కొక్కటిగా తెలుసుకున్నవే.

ముందు, ఒంట్లో ఏం జరుగుతుందో

రక్తహీనత అన్నది జ్వరం లాంటి మాట. జ్వరం వచ్చిందంటే ఎందుకొచ్చిందో తెలియనట్టే, రక్తం తక్కువంటే ఎందుకు తక్కువో తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో డెసిలీటరుకు మగవారికి 13 గ్రాములు, ఆడవారికి 12, గర్భిణులకు 11 కంటే హిమోగ్లోబిన్ తగ్గితే రక్తహీనత అంటారు. గర్భం మధ్య మూడు నెలల్లో ఆ హద్దు 10.5.

మన ఎముకల మూలుగలో సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్ర రక్తకణాలు తయారవుతాయి. ఒక్కోటి సుమారు 120 రోజులు బతుకుతుంది. దీన్ని పిండి కలిపి ఉండలు చేసే పనిగా ఊహించుకోండి. ఐరన్ లోపంలో పిండే చాలదు, కాబట్టి ఉండలు చిన్నవిగా వస్తాయి. బి12 గానీ ఫోలేట్ గానీ (రెండూ బి విటమిన్లే) లేనప్పుడు పిండికి కొదవ ఉండదు, దాన్ని విడదీసే చెయ్యి ఉండదు. కణం రెండుగా విడిపోవాలంటే ముందు తన డీఎన్ఏకు నకలు రాసుకోవాలి. ఆ నకలుకు కావలసిన ముడిసరుకు ఫోలేట్ ఇస్తుంది. ఫోలేట్ పనికొచ్చే రూపంలోకి మారాలంటే బి12 కావాలి. ఏది లేకపోయినా నకలు ఆగిపోతుంది, కణం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అందుకే కణాలు తక్కువ, ఉన్నవి పెద్దవి. వాటిలో చాలావరకు మూలుగ దాటి బయటికి రాకముందే చచ్చిపోతాయి. వాటి శిథిలాల వల్లే కొందరికి పాలిపోయిన ముఖంలో లేత పసుపు ఛాయ కనిపిస్తుంది, కామెర్లేమో అని కంగారు పడతారు.

ఇంతవరకు రెండు విటమిన్లదీ ఒకటే కథ. కానీ బి12కి ఇంకో ఉద్యోగం ఉంది. నరాల చుట్టూ ఉండే పొరను కాపాడేది అదే. ఆ పని ఫోలేట్ చేయలేదు. ఈ ఒక్క తేడాను గుర్తుపెట్టుకోండి, వైద్యం దగ్గరికి వచ్చాక దీని మీదే అంతా ఆధారపడుతుంది.

మొదటి అడుగు: లక్షణాలను రెండు వరసలుగా రాసుకోండి

ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ఏ రక్తహీనతలోనైనా వచ్చేవి రాయండి: నీరసం, మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, తలతిరుగుడు, పాలిపోవడం. ఇవి ఉన్నాయంటే రక్తం తక్కువగా ఉండొచ్చు, అంతే. కారణం గురించి ఇవి ఏమీ చెప్పవు.

కుడివైపు విటమిన్ లోపం వైపు వేలు చూపేవి రాయండి. నాలుక మీద గరుకుదనం పోయి, ఎర్రగా, నున్నగా అయిందా? కారం తగిలితే భగ్గుమంటోందా? నోట్లో పుండ్లు తరచూ వస్తున్నాయా? వేళ్ల కణుపుల మీద చర్మం ఈమధ్య నల్లబడిందా? ఇవి ఉంటే అనుమానించాలి.

ఇక నరాల సంగతి. రెండు పాదాల్లోనూ ఒకేలా తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు ఉండటం, దూది మీద నడుస్తున్నట్టు అనిపించడం, చీకట్లో తూలడం, మాటలు మరచిపోవడం, కారణం లేని చిరాకు, దిగులు: ఇవి బి12 వైపు చూపిస్తాయి. ఒక చిన్న గుర్తు చెబుతాను. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే తూలి, వాష్‌బేసిన్ అంచు పట్టుకోవాల్సి వస్తోందా? పాదం ఎక్కడుందో చెప్పే నరాలు సరిగా పనిచేయకపోతే ఆ లోటును కళ్లు పూడుస్తుంటాయి. కళ్లు మూయగానే గుట్టు బయటపడుతుంది. అమ్మకు ఇది ఉంది. అడిగితే గానీ చెప్పలేదు.

మరో మాట: రక్తం మామూలుగానే ఉండి నరాలు మాత్రం దెబ్బతినడం బి12 లోపంలో జరుగుతుంది. "హిమోగ్లోబిన్ 13 ఉంది కదా, బి12 ఎందుకు తగ్గుతుంది" అన్న వాదన నిలవదు.

రెండో అడుగు: రక్తపరీక్ష రిపోర్టును చదవడం

కంప్లీట్ బ్లడ్ పిక్చర్ చేయించండి. మనవాళ్లంతా మొదటి వరసలో హిమోగ్లోబిన్ చూసి కాగితం మడతపెట్టేస్తారు. ఇంకొంచెం కిందికి రండి.

ఎంసీవీ అంటే ఎర్ర రక్తకణం సగటు పరిమాణం. మామూలుగా 80 నుంచి 100 ఫెమ్టోలీటర్ల మధ్య ఉంటుంది. 80 కంటే తక్కువైతే ఐరన్ లోపం, తలసీమియా లాంటివి చూస్తారు. 100 దాటితే బి12, ఫోలేట్ లోపాలు ముందు గుర్తుకు రావాలి. అయితే మద్యం, కాలేయ జబ్బు, థైరాయిడ్ తగ్గడం, హైడ్రాక్సీయూరియా లాంటి కొన్ని మందులు, మూలుగ జబ్బులు కూడా ఎంసీవీని పెంచుతాయి. పెద్దవాళ్లలో విటమిన్లు సరిపడా ఉన్నా అంకె దిగకపోతే మూలుగ జబ్బుల గురించి రక్తజబ్బుల నిపుణుణ్ని (హెమటాలజిస్టును) అడగాలి.

ఇక్కడో బోల్తా కొట్టించే సంగతి ఉంది. ఒకే మనిషికి ఐరన్ లోపం, బి12 లోపం రెండూ ఉంటే? ఒకటి కణాన్ని చిన్నది చేస్తుంది, మరొకటి పెద్దది చేస్తుంది. సగటు తీస్తే 90, అంటే అంతా బాగున్నట్టే. అప్పుడు ఆర్‌డీడబ్ల్యూ చూడాలి. కణాల సైజుల్లో తేడా ఎంత ఉందో చెప్పే అంకె అది. ఎంసీవీ నార్మల్‌గా ఉండి ఆర్‌డీడబ్ల్యూ ఎక్కువగా ఉంటే, చిన్నవీ పెద్దవీ కలిసిపోయి ఉండొచ్చని అర్థం. తలసీమియా లక్షణం ఉన్న కుటుంబాల్లోనూ ఎంసీవీ ఇలాగే మోసం చేస్తుంది.

దీంతోపాటు పెరిఫెరల్ స్మియర్ అడగండి. రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపు కింద కంటితో చూసే పాత పద్ధతి అది. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం కేంద్రకంలో మామూలుగా మూడు, నాలుగు తమ్మెలు ఉంటాయి. ఆరు తమ్మెలున్న కణం ఒక్కటి కనిపించినా, అయిదు తమ్మెలవి నూటికి అయిదుకు మించి ఉన్నా విటమిన్ లోపం దాదాపుగా దొరికినట్టే. అమ్మ రిపోర్టులో ఆ వాక్యం ఒకే లైనులో ఉంది. ఆ లైను చదవడానికి ముందు అన్ని నెలలు పోయాయి.

మూడో అడుగు: ఏ విటమిన్?

పరీక్షకు ముందే ఏ విటమిన్ మాత్రా మొదలుపెట్టకండి. రెండు రోజులు బి కాంప్లెక్స్ వేసుకుని వెళ్తే రక్తంలో అంకె పెరిగి కనిపిస్తుంది, లోపం మాత్రం లోపల అలాగే ఉంటుంది. జుట్టు కోసం ఎక్కువ మోతాదు బయోటిన్ తీసుకునేవాళ్లు ఆ సంగతి కూడా ముందే చెప్పండి, కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపం ఉన్నట్టే లెక్క. 300 దాటితే చాలావరకు లేనట్టే. నడుమ ఉన్నదే చిక్కు. రిపోర్టులో నార్మల్ అని ఉండొచ్చు, మనిషికి మాత్రం తిమ్మిర్లు ఉండొచ్చు. అప్పుడు డాక్టర్లు మిథైల్‌మలోనిక్ యాసిడ్, హోమోసిస్టీన్ అనే పదార్థాల పరీక్షలు చేయిస్తారు. ఫోలేట్ తగ్గితే హోమోసిస్టీన్ ఒక్కటే పెరుగుతుంది. బి12 తగ్గితే రెండూ పెరుగుతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో లోపం లేకపోయినా ఇవి పెరుగుతాయి కాబట్టి క్రియాటినిన్ కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

ఫోలేట్ పరీక్ష, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా అదే రక్తంతో చేయించేస్తే మళ్లీ సూది పొడిపించుకునే పని తప్పుతుంది.

నాలుగో అడుగు: ఎందుకు తగ్గింది? ఇక్కడ ఆగి ఆలోచించాలి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే, ఎక్కువమంది దాటేసేది కూడా ఇదే. ఇంజెక్షన్ వేయించుకుంటే ఒంట్లో సత్తువ వస్తుంది, కారణం వెతకడం అక్కడితో ఆగిపోతుంది. ఆర్నెల్లకు కథ మళ్లీ మొదటికొస్తుంది.

బి12 నోట్లోంచి రక్తంలోకి చేరడం ఓ పెద్ద ప్రయాణం. ఆహారంలో అది ప్రొటీన్‌కు అతుక్కుని ఉంటుంది. కడుపులోని ఆమ్లం, పెప్సిన్ దాన్ని విడదీస్తాయి. లాలాజలంలోంచి వచ్చిన ఒక ప్రొటీన్ దాన్ని పట్టుకుని చిన్నపేగు దాకా తీసుకెళ్తుంది. క్లోమరసం మళ్లీ విడదీస్తుంది. అప్పుడు కడుపు గోడ తయారుచేసిన ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే తోడు దాని చెయ్యి పట్టుకుంటుంది. ఆ తోడు లేకుండా వెళ్తే చిన్నపేగు చివరి భాగంలో ఉన్న తలుపు తెరుచుకోదు. ఇన్ని మజిలీల్లో ఏ ఒక్కటి చెడినా ప్రయాణం ఆగిపోతుంది.

ఆ తోడు సంగతి 1920ల చివర్లో విలియం కాజిల్ అనే అమెరికన్ డాక్టర్ బయటపెట్టిన తీరు వింటే ఒళ్లు జలదరిస్తుంది. తాను మాంసం తిని, గంట తర్వాత దాన్ని వాంతి చేసి బయటికి తీసి, ఈ రకం రక్తహీనత ఉన్న రోగుల కడుపులోకి గొట్టం ద్వారా పంపాడు. మాంసం నేరుగా తిన్నప్పుడు కోలుకోని రోగులు దీంతో కోలుకున్నారు. అంటే ఆరోగ్యవంతుడి కడుపులో ఉన్నదేదో రోగి కడుపులో లేదన్నమాట.

ఇప్పుడు మీ విషయానికి వద్దాం. కింది ప్రశ్నలకు నిజాయితీగా జవాబు రాసుకుని డాక్టర్‌కు చూపించండి.

మాంసం, చేప, గుడ్డు, పాలు: వీటిలో ఏవి తింటారు, వారానికి ఎన్నిసార్లు? మొక్కల నుంచి వచ్చే ఆహారంలో నమ్ముకోదగ్గ బి12 ఉండదు. అయితే ఒంట్లో, ముఖ్యంగా కాలేయంలో, 2 నుంచి 5 మిల్లీగ్రాముల నిల్వ ఉంటుంది, రోజు అవసరం 2.4 మైక్రోగ్రాములే. కాబట్టి తిండి మానేసిన చాలా ఏళ్లకు గానీ లోపం బయటపడదు. "ఇన్నేళ్లూ ఇలాగే తిన్నాను, అప్పుడు రానిది ఇప్పుడెందుకొస్తుంది" అనేవాళ్లకు ఇదే సమాధానం. నిల్వ ఇప్పుడు అయిపోయింది.

ఏ మందులు వాడుతున్నారు? షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గుతుంది. అసిడిటీ మాత్రలు దీర్ఘకాలం వాడితే ఆహారంలోని బి12 విడివడటానికి కావలసిన ఆమ్లమే ఉండదు. మా అమ్మ మెట్‌ఫార్మిన్ పదకొండేళ్లుగా వాడుతోంది, పొద్దున్నే పరగడుపున వేసుకునే అసిడిటీ మాత్ర అయిదేళ్లుగా వాడుతోంది. కారణం ఆమె మందుల డబ్బాలోనే ఉంది. అలాగని ఇది చదివి మెట్‌ఫార్మిన్ మానేయకండి. మానాల్సింది లేదు, బి12 కలుపుకోవాలి, అంతే. అసిడిటీ మాత్ర ఇంకా అవసరమా అని మాత్రం అడగొచ్చు.

కడుపు, పేగు ఆపరేషన్లు అయ్యాయా? బరువు తగ్గే సర్జరీ, కడుపులో కొంత భాగం తీసేయడం, చిన్నపేగు చివరి భాగం తీసేయడం, పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ జబ్బు: వీటిలో ఏదున్నా బి12 జీవితాంతం కావలసి రావచ్చు.

ఇవేవీ లేకుండానే బి12 బాగా తగ్గితే పెర్నీషియస్ అనీమియా ఉందేమో చూడాలి. ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ మీద, దాన్ని తయారుచేసే కణాల మీద దాడి చేసే జబ్బు ఇది. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ యాంటీబాడీ పరీక్షలో పాజిటివ్ వస్తే ఖాయం. నెగెటివ్ వచ్చినంత మాత్రాన లేదని కాదు, ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి నెగెటివ్ వస్తుంది. ఇది ఉన్నవాళ్లకు థైరాయిడ్ జబ్బులు, కడుపు క్యాన్సర్ ముప్పు మామూలు కంటే ఎక్కువ. అందుకని ఆకలి మందగించడం, బరువు తగ్గడం లాంటివి ఉంటే వదిలేయకూడదు.

నైట్రస్ ఆక్సైడ్ (లాఫింగ్ గ్యాస్) గురించి ఒక్క మాట. దాన్ని మత్తు కోసం పీల్చే అలవాటు ఒంట్లోని బి12ను పనికిరాకుండా చేస్తుంది. కుర్రవాళ్లకు హఠాత్తుగా కాళ్లు పట్టు తప్పుతున్నాయంటే డాక్టర్లు దీన్ని కూడా అడుగుతారు.

ఫోలేట్ కారణాలు వేరు. దాని నిల్వ మూడు, నాలుగు నెలలకు మించి రాదు. తిండి సరిగా లేకపోవడం, మద్యం, గర్భం, సీలియాక్ లాంటి పేగు జబ్బులు, రక్తకణాలు త్వరగా చిట్లిపోయే జబ్బులు, మెథోట్రెక్సేట్, ఫెనిటోయిన్ లాంటి మందులు ముఖ్యమైనవి.

అయిదో అడుగు: వైద్యం, వరస తప్పకుండా

వైద్యం వరస విషయంలో రాజీ పడకూడని నియమం ఒక్కటే: బి12 సంగతి తేలేదాకా ఫోలిక్ యాసిడ్ (మాత్రల్లో ఉండే ఫోలేట్ రూపం) ఒక్కటే వేసుకోకూడదు. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో వెళ్తే డీఎన్ఏ నకలు పని ఎలాగోలా నడిచిపోతుంది, హిమోగ్లోబిన్ పెరుగుతుంది, ఎంసీవీ దిగుతుంది. రిపోర్టు చూసి అందరూ సంతోషిస్తారు. నరాల పని మాత్రం ఆగిపోయే ఉంటుంది. వెన్నుపాము దెబ్బతిని నడక పోయేదాకా తెలియకపోవచ్చు. రెండూ తక్కువగా ఉంటే బి12 ముందు మొదలుపెట్టి, ఆ వెనకే ఫోలిక్ యాసిడ్ ఇస్తారు.

బి12 సాధారణంగా ఎలా ఇస్తారంటే: సయనోకోబాలమిన్ అనే రూపమైతే 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ మొదటి వారం, రెండు వారాలు రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ, తర్వాత వారానికోసారి, ఆ తర్వాత నెలకోసారి. హైడ్రాక్సోకోబాలమిన్ ఒంట్లో ఎక్కువకాలం నిలుస్తుంది కాబట్టి మొదటి విడత అయ్యాక రెండు, మూడు నెలలకోసారి చాలు. నరాల లక్షణాలు ఉంటే మొదటి విడత ఎక్కువకాలం నడుస్తుంది, ఇంజెక్షనే మేలు.

మాత్రలు పనిచేయవా? పనిచేస్తాయి. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ లేకపోయినా మింగిన బి12లో దాదాపు ఒక శాతం పేగు గోడలోంచి దానంతటదే ఇంకుతుంది. రోజుకు 1000 నుంచి 2000 మైక్రోగ్రాములు వేసుకుంటే ఆ ఒక్క శాతమే పది, ఇరవై మైక్రోగ్రాములు. అవసరానికి నాలుగు నుంచి ఎనిమిది రెట్లు. నరాల సమస్య లేనివాళ్లకు, సూది భయం ఉన్నవాళ్లకు ఇది మంచి దారి. కానీ రోజూ తప్పకుండా వేసుకోవాలి. మామూలు బి కాంప్లెక్స్ మాత్రల్లో చాలావాటిలో కొన్ని మైక్రోగ్రాముల బి12 మాత్రమే ఉంటుంది, పైగా ఫోలిక్ యాసిడ్ కలిసి ఉంటుంది. డబ్బా వెనక ఉన్న అంకె చదవండి. అన్నట్టు, ఆ మాత్ర వేసుకున్నాక మూత్రం చిక్కటి పసుపుగా వస్తే మందు పనిచేస్తోందని చాలామంది అనుకుంటారు. అది అందులోని రైబోఫ్లేవిన్ (బి2) రంగు. బి12కి దాంతో సంబంధమే లేదు.

మిథైల్‌కోబాలమిన్ మిగతా వాటికంటే గొప్పదని ప్రచారం ఎక్కువ. రక్తహీనత వైద్యంలో దశాబ్దాల అనుభవం ఉన్నది సయనో, హైడ్రాక్సో రూపాలకే. పేరు చూసి అదనంగా ఖర్చు పెట్టాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

ఫోలేట్ లోపానికి రోజుకు 1 నుంచి 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్, సుమారు నాలుగు నెలలు ఇస్తారు. పాత ఎర్ర కణాలన్నీ పోయి కొత్తవి రావడానికి పట్టే కాలం అది.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్తాను. ఈ మాత్ర వెనక మన తెలుగువాడొకరు ఉన్నారు. 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల డాక్టర్, బొంబాయిలో గర్భిణులకు వచ్చే పెద్దకణాల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని రాసింది. ఆ సారంలో ఉన్నదే ఫోలేట్. 1940ల మధ్యలో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ సంస్థ బృందానికి సారథి యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలేట్‌ను అడ్డుకునే మందులు కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చాయి. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబానిదే. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు డాక్టర్లు ఫోలిక్ యాసిడ్ కూడా ఎందుకు రాస్తారో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇక బి12 సంగతికొస్తే, 1926లో మైనాట్, మర్ఫీ అనే డాక్టర్లు పెర్నీషియస్ అనీమియా ఉన్న 45 మంది రోగులకు రోజూ బోలెడు కాలేయం తినిపించి బతికించారు. అంతకుముందు ఆ జబ్బు వస్తే చావే. అందుకు జార్జ్ విపుల్ అనే మరో డాక్టర్‌తో కలిసి 1934లో నోబెల్ అందుకున్నారు. ఇప్పుడు మనం ఒక చిన్న సూదికి బద్ధకిస్తున్నాం.

రక్తం మరీ తక్కువగా ఉండి వైద్యం మొదలుపెట్టినప్పుడు కొత్త కణాలు ఒక్కసారిగా పుట్టుకొస్తూ రక్తంలోని పొటాషియంను లాగేసుకుంటాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, మూత్రం ఎక్కువయ్యే మాత్రలు వాడేవాళ్లు మొదటి వారంలో పొటాషియం చూడాలా అని అడగడం మంచిది.

ఆరో అడుగు: తిండిలో ఏం మార్చాలి

లోపం వచ్చాక తిండితోనే సరిచేద్దామనుకోకండి. తిండి పని మళ్లీ రాకుండా చూడటం.

ఒక గ్లాసు పాలలో సుమారు 1.2 మైక్రోగ్రాముల బి12 ఉంటుంది, ఒక గుడ్డులో అర మైక్రోగ్రాము. చేప, మాంసంలో ఇంకా ఎక్కువ, కాలేయంలో అన్నిటికంటే ఎక్కువ. గర్భిణులు మాత్రం కాలేయం జోలికి వెళ్లకపోవడం మేలు, అందులో విటమిన్ ఎ మోతాదు మించి ఉంటుంది. జంతు ఆహారం అసలే తీసుకోనివాళ్లు బి12 కలిపిన ఆహారం గానీ మాత్ర గానీ జీవితాంతం వాడాలి, దీనికి అడ్డదారి లేదు. స్పిరులినాలో బి12 ఉందంటారు. ఉన్నదాంట్లో చాలావరకు మన ఒంటికి పనికిరాని నకిలీ రూపం. ఆకుకూరలతో బి12 పెరుగుతుందన్న మాట కూడా తప్పే. అవి ఫోలేట్‌కు మంచివి, బి12కి కాదు.

ఫోలేట్ ఆకుకూరల్లో, పప్పుధాన్యాల్లో, వేరుశనగల్లో, నారింజ పండ్లలో ఉంటుంది. దాని పేరే లాటిన్‌లో ఆకు అనే మాట నుంచి వచ్చింది. నీళ్లలో కరిగిపోతుంది, వేడికి చెడిపోతుంది. ఆకుకూరను ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే చాలా భాగం వాటితోనే పోతుంది. తక్కువ నీళ్లు, మూత, తక్కువ సేపు: ఇంతే.

విటమిన్ సి లోపం కూడా రక్తహీనతకు దారితీస్తుంది. ఐరన్ ఒంటికి పట్టదు, చిగుళ్ల నుంచి రక్తం పోతుంది. పళ్లు, కూరగాయలు బొత్తిగా తినకుండా రోజులు గడిపేవాళ్లలో, పొగతాగేవాళ్లలో దీన్ని గుర్తుపెట్టుకోండి. ఐరన్ మాత్ర వేసుకుంటే నిమ్మరసంతో వేసుకోండి, టీతో వద్దు.

ఏడో అడుగు: కోలుకుంటున్నారో లేదో తేదీలు వేసి చూడండి

క్యాలెండర్ మీద మొదటి ఇంజెక్షన్ తేదీ చుట్టూ సున్నా చుట్టండి. రెండు, మూడు రోజుల్లోనే మనిషిలో హుషారు కనిపిస్తుంది, రక్తం ఇంకా పెరగకముందే. వారం అయ్యాక రెటిక్యులోసైట్ కౌంట్ చేయిస్తే, అంటే అప్పుడే పుట్టిన ఎర్ర కణాల లెక్క చూస్తే, అది బాగా పెరిగి ఉండాలి. మందు సరైనదేనని చెప్పే మొదటి సాక్ష్యం అదే. హిమోగ్లోబిన్, ఎంసీవీ సుమారు ఎనిమిది వారాల్లో దారికి వస్తాయి.

పెరుగుతున్న హిమోగ్లోబిన్ మధ్యలో ఆగిపోతే ఫెరిటిన్ చూడండి. కొత్త కణాలు తయారవుతూ ఉన్న కాస్త ఐరన్‌ను వాడేస్తాయి. ఐరన్ మాత్రలకు అసలు సమయం అప్పుడే. ఇంజెక్షన్లు నడుస్తుండగా బి12 అంకె చూసి లాభం లేదు, అది ఎలాగూ వేలల్లోనే వస్తుంది.

నరాలు నెమ్మది. నెలలు పడుతుంది. మొదటి ఆరు నెలల్లో మెరుగుదల ఎక్కువ, ఏడాది దాకా కొద్దికొద్దిగా సాగుతుంది. ఎంత ఆలస్యంగా మొదలుపెడితే అంత మిగిలిపోతుంది.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి

కూర్చున్నా ఆయాసం, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, నడక కొన్ని రోజుల్లోనే దిగజారడం, మూత్రం మీద అదుపు తప్పడం, చూపు మసకబారడం, నల్లటి తారులాంటి మలం. చివరిది రక్తస్రావానికి గుర్తు, విటమిన్ లోపానిది కాదు. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది గానీ, తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే తేడా ఉన్నట్టే.

పిల్లల గురించి ఒక ముఖ్యమైన మాట. బి12 తక్కువగా ఉన్న తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకు కూడా లోపం వస్తుంది. అప్పటిదాకా నవ్విన, మెడ నిలిపిన బిడ్డ నెలలు గడిచేకొద్దీ ముభావంగా మారి, నేర్చుకున్నవి మరచిపోతుంటే అదే రోజు పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గర్భం ఆలోచన ఉన్నవాళ్లు కనీసం నెల ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి మొదటి 12 వారాలు కొనసాగించాలి. బిడ్డ వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోనే మూసుకుపోతుంది, అంటే చాలామందికి గర్భమని తెలిసేలోపే. మూర్ఛ మందులు వాడేవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, ముందు కాన్పులో అలాంటి లోపం ఉన్నవాళ్లకు మోతాదు పదిరెట్లు ఉండొచ్చు, డాక్టర్‌నే అడగండి.

పాదాలు మొద్దుబారినన్నాళ్లూ

నరాలు కోలుకునేలోపు పడిపోవడం, కాలికి దెబ్బ తగిలినా తెలియకపోవడం పెద్ద ప్రమాదాలు. రాత్రి బాత్రూమ్ దారిలో చిన్న బల్బు వెలుగుతూ ఉంచండి. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ బిగించండి. వేడినీళ్లు పాదంతో కాకుండా మోచేత్తో చూడండి. పడుకునేముందు అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోండి, షుగర్ ఉన్నవాళ్లయితే తప్పనిసరిగా.

అమ్మ హిమోగ్లోబిన్ తొమ్మిదో వారానికి 12.1కి వచ్చింది. నెలకోసారి ఇంజెక్షన్ తేదీ ఫోన్‌లో మోగుతుంది. ఎడమ బొటనవేలు ఇంకా మొద్దుగానే ఉందంటుంది. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొన్నాం.